బాలక్రీడలందు కళాశాస్త్రముల సమన్వయము: ఫ్రోబెల్ కానుకలనుండి ముంగిటి ముగ్గు వఱకు

కళయు శాస్త్రమును వేర్వేఱు మార్గములని తలచుట మనకు అలవాటైనది. పాఠశాలలో చిత్రలేఖనమునకు ఒక గంట, గణితమునకు ఒక గంట, ప్రకృతిశాస్త్రమునకు వేఱొక గంట ఏర్పఱుపబడియుండును. ఒకచోట నేర్చినది మఱియొకచోట పనికివచ్చునను భావన విద్యార్థికి కలుగుట అరుదు. ఈ రెంటిని కలుపవలెనను మాట విద్యావిషయకమైన చర్చలలో తఱచుగా వినబడుచునేయున్నది. కాని కలుపుట యనగా నేమి? శాస్త్రపుస్తకములోని పటమునకు రంగులు వేయించుట కలుపుటయా? చిత్రలేఖనపు గంటలో నక్షత్రమును గీయించి దాని కోణములను లెక్కింపుమని చెప్పుట కలుపుటయా? మొదటిదానియందు కళ శాస్త్రమునకు అలంకారము మాత్రమగును. రెండవదానియందు శాస్త్రము కళకు ఒక నెపము మాత్రమగును.

ఈ ప్రశ్నకు విద్యాచరిత్రలో ఒక స్పష్టమైన సమాధానము కలదు. కళను శాస్త్రమును తరువాత తెచ్చి కలుపనక్కఱలేదనియు, బాలుని చేతిపనియందు అవి విడిపోకముందే ఒకటిగా నున్నవనియు, ఒకే నియమము రెంటిని పుట్టించుచున్నదనియు ఆ సమాధానము. దానిని మొదట ఒక పద్ధతిగా రూపొందించినవాడు ఫ్రోబెల్. ఆ పద్ధతి ఎట్లు పుట్టినదో, ఎట్లు ఎండిపోయినదో, మదరాసులో వెలువడిన ఒక చిన్న గ్రంథమున ఎట్లు మరల చిగిర్చినదో పరిశీలించి, తెలుగునాటి ముంగిళ్లలో అట్టి విద్య ఏ రూపమున నిలిచియున్నదో చూపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. ఖనిజశాలనుండి బాలోద్యానమునకు

ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1782వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన జర్మను దేశమునందలి తురింగియా ప్రాంతమున ఓబర్‌వైస్‌బాఖ్ అను గ్రామమున జన్మించెను. ఏడాది నిండకముందే తల్లిని కోల్పోయెను. యౌవనారంభమున ఒక అటవీపాలకునియొద్ద పని నేర్చెను. యేనా విశ్వవిద్యాలయమున కొంతకాలము చదివెను. వాస్తుశిల్పి కాదలచి 1805లో ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు పోయి, అచట అనుకోకుండ ఉపాధ్యాయుడయ్యెను. 1808 నుండి 1810 వఱకు స్విట్జర్లాండులోని యివెర్డన్ పట్టణమున పెస్టలోజీ యొద్దనుండి, వస్తుదర్శనమే విద్యకు మూలమను సిద్ధాంతమును గ్రహించెను.

ఇంతవఱకు ఫ్రోబెల్ జీవితము ఆనాటి విద్యాసంస్కర్తల జీవితములకు భిన్నమైనది కాదు. ఆయనకు ప్రత్యేకతను కలిగించినది తరువాతి ఘట్టము. ఆయన బెర్లిన్ నగరమున క్రిస్టియన్ సామ్యుయెల్ వైస్ అను ఖనిజశాస్త్రజ్ఞుని శిష్యుడై, 1814 నుండి 1816 వఱకు అచటి ఖనిజ సంగ్రహాలయమున ఆయనకు సహాయకుడుగా పనిచేసెను. వైస్ స్ఫటికములను వాని అక్షములనుబట్టి వర్గీకరించిన పండితుడు. చూపునకు ఎంతో వేఱుగా కనబడు స్ఫటికాకృతులు కొద్ది మూలరూపములనుండి నియమబద్ధముగా ఏర్పడుచున్నవని ఆ శాస్త్రము బోధించెను. సంగ్రహాలయపు అఱలలోని రాళ్లను వేఱుచేయుచు ఫ్రోబెల్ గ్రహించిన విషయమిది: స్ఫటికమునందు సౌష్ఠవము పైపూత కాదు, దాని సౌందర్యమును దాని గణితమును ఒకే లోపలి నియమమునుండి పుట్టినవి.

1817లో ఆయన కైల్‌హౌ గ్రామమున పాఠశాలను నడపుట కారంభించెను. 1826లో 'మానవ విద్య' అను గ్రంథమును ప్రకటించెను. 1837లో బ్లాంకెన్‌బుర్గ్ పట్టణమున చిన్నపిల్లలకై ఆటవస్తువులను తయారుచేయించు సంస్థను స్థాపించెను. 1840లో తన శిశువిద్యాలయమునకు 'కిండర్‌గార్టెన్' అని పేరిడెను. పిల్లల తోట యని దాని యర్థము. ఖనిజశాలలో నేర్చిన పాఠమే ఈ తోటలో నాటబడినది.

2. కానుకల క్రమము, మూడు రూపములు

ఫ్రోబెల్ పిల్లల చేతికిచ్చిన వస్తువులకు కానుకలని పేరు. మొదటి కానుక రంగురంగుల ఉన్నిబంతులు ఆఱు. రెండవది కొయ్యతో చేసిన గోళము, ఘనము, గుండ్రని స్తంభము. గోళము ఎటు త్రోసినను దొరలును, ఘనము నిలిచియుండును, స్తంభము పడుకొనబెట్టిన దొరలును, నిలువబెట్టిన నిలుచును. విరుద్ధములైన రెండు గుణములను మూడవ వస్తువు తనయందు కలుపుకొనుటను శిశువు మాటలతో పనిలేకుండ చేతితోనే తెలిసికొనును.

మూడవ కానుక ఎనిమిది చిన్న ఘనములుగా విడదీయబడిన ఒక ఘనము. నాల్గవది ఎనిమిది పలుకలుగా విడదీయబడినది. ఐదవది, ఆఱవది మఱింత సూక్ష్మముగా విభజింపబడిన పెద్ద ఘనములు. ఆ పిమ్మట పలుచని బిళ్లలు, పుల్లలు, వలయములు, గింజలు వచ్చును. ఘనమునుండి తలమునకు, తలమునుండి రేఖకు, రేఖనుండి బిందువునకు ఈ క్రమము దిగును. తరువాత మట్టిపని, కాగితపు మడతలు, అల్లిక, కత్తిరింపు, నానబెట్టిన బఠానీగింజలను పుల్లలతో కలిపి ఆకృతులు నిర్మించుట మున్నగు హస్తక్రియలచే బాలుడు బిందురేఖలనుండి మరల ఘనాకృతులకు ఎక్కివచ్చును.

వస్తువులకంటె ముఖ్యమైనది వానిని వాడు విధము. ఒక్కొక్క కానుకతో మూడు విధములైన రూపములను కల్పింపవలెనని ఫ్రోబెల్ నియమించెను: జీవనరూపములు, జ్ఞానరూపములు, సౌందర్యరూపములు. మూడవ కానుకనే తీసికొందము. ఎనిమిది ఘనములతో బాలుడు కుర్చీని, మెట్లను, వంతెనను కట్టును. ఇవి జీవనరూపములు. అవే ఘనములను రెండు నాలుగులుగా, నాలుగు రెండులుగా విడదీసి, పొడవుగను పొట్టిగను పేర్చి, ఆకారము మాఱినను పరిమాణము మాఱలేదని కనుగొనును. ఇవి జ్ఞానరూపములు. మరల వానినే ఒక కేంద్రము చుట్టును అమర్చి, ఒకవైపు ఒకటి కదల్చినప్పుడు దానికి ఎదురువైపున నున్నదానిని అట్లే కదల్చుచు, పువ్వునుండి నక్షత్రమును, నక్షత్రమునుండి చక్రమును పుట్టించును. ఇవి సౌందర్యరూపములు.

ఇందు రెండు కట్టుబాట్లు కలవు. కానుకలోని అన్ని ముక్కలను వాడవలెను. ముందటి రూపమును చెదరగొట్టక, దానినే కొద్దికొద్దిగా మార్చి క్రొత్త రూపమును సాధింపవలెను. ఈ కట్టుబాట్లు స్ఫటికశాస్త్రమునుండి వచ్చినవే యనవచ్చును. ఒక రూపమునుండి మఱియొక రూపము నియమముచే పుట్టుట వైస్ శాస్త్రమునకు ప్రాణము. అందుచేత ఫ్రోబెల్ పద్ధతియందు శాస్త్రపు గంటయు కళల గంటయు వేర్వేఱుగా లేవు. ఎనిమిది ముక్కలు, రెండు కట్టుబాట్లు, మూడు చూపులు: ఇంతే. కళాశాస్త్రములు ఒకే వస్తువును చూచు రెండు చూపులని, జీవితము మూడవ చూపని, ఈ మూటిలో ఏది లోపించినను మిగిలినవి కుంటుపడునని ఆయన భావము.

3. పద్ధతి ఎండిపోయిన విధము

1851వ సంవత్సరము ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వము కిండర్‌గార్టెన్లను నిషేధించెను. నాస్తికత్వమును, సామ్యవాదమును వ్యాపింపజేయుచున్నవని నెపము. ఫ్రోబెల్ అన్నకుమారుడైన కార్ల్ ఫ్రోబెల్ రచనలతో పినతండ్రి పద్ధతిని ముడిపెట్టుటయే దీనికి కారణమని చరిత్రకారులు చెప్పుదురు. మఱుసటి సంవత్సరము జూన్ 21వ తేదీన ఫ్రోబెల్ మరణించెను. 1860లో నిషేధము తొలగింపబడెను. కాని ఆలోపలనే ఆయన శిష్యులు, వారిలో ముఖ్యముగా స్త్రీలు, ఈ పద్ధతిని ఇంగ్లండునకు, అమెరికాకు కొనిపోయిరి. 1856లో విస్కాన్సిన్ రాష్ట్రములోని వాటర్‌టౌన్‌లో మార్గరెత్ షుర్జ్, 1860లో బోస్టన్‌లో ఎలిజబెత్ పీబాడీ శిశుపాఠశాలలను నెలకొల్పిరి.

నిషేధము చంపలేని పద్ధతిని వ్యాప్తి కొంత చంపినది. కానుకలు పెట్టెలలో అమ్మకమునకు వచ్చెను. పెట్టెతోపాటు ఏ ముక్క ఎచట పెట్టవలెనో తెలుపు పటములును వచ్చెను. బాలుడు కనుగొనవలసిన రూపము పటమున ముందే ముద్రింపబడినప్పుడు అతనికి మిగులునది అనుకరణము మాత్రమే. ఉపాధ్యాయిని ఆజ్ఞాపింపగా తరగతియంతయు ఒకేసారి ఒకే ఘనమును కదల్చు దృశ్యములు సామాన్యమయ్యెను. ఫ్రోబెల్ రచనలలోని గూఢమైన ప్రతీకలనే పట్టుకొని వ్రేలాడుటను అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ విమర్శించెను. 1907లో రోము నగరమున తొలి శిశుగృహమును తెఱచిన మరియా మాంటిసోరి వేఱు ఉపకరణములను, వేఱు క్రమమును ఏర్పఱచెను.

ఈ పద్ధతిని గూర్చి ఒక వాదము తఱచుగా కనబడును. వాస్తుశిల్పియైన ఫ్రాంక్ లాయిడ్ రైట్ తన తల్లి 1876 నాటి ఫిలడెల్ఫియా ప్రదర్శనమున కానుకలను చూచి తనకు తెచ్చియిచ్చినదని ఆత్మకథలో వ్రాసికొనెను. బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ బాల్యమున బఠానీలతోను పుల్లలతోను త్రికోణముల కట్టడము చేసితినని చెప్పుకొనెను. నార్మన్ బ్రోస్టర్‌మన్ 1997లో ప్రకటించిన గ్రంథమున ఆధునిక కళకంతటికి కిండర్‌గార్టెన్‌తో సంబంధమును చూపుటకు యత్నించెను. వీనిని సాక్ష్యములుగా స్వీకరింపవచ్చును గాని నిర్ణయములుగా స్వీకరింపరాదు. ప్రసిద్ధులు వృద్ధాప్యమున తమ బాల్యమును గూర్చి చెప్పినవి జ్ఞాపకములు. అవే కానుకలతో ఆడుకొని ప్రసిద్ధులు కానివారు అసంఖ్యాకులు. పద్ధతి విలువను గొప్పవారి పేర్లతో కాక, అది చేతికి ఏమి నేర్పినదను దానితో నిర్ణయింపవలెను. అట్టి నిర్ణయమునకు తగిన ఆధారము మనకు మదరాసులోనే లభించుచున్నది.

4. మదరాసునందలి కాగితపు మడతలు

1893లో మదరాసునందు అడిసన్ కంపెనీవారు ఒక ఆంగ్ల గ్రంథమును ప్రచురించిరి. కాగితమును మడచుటద్వారా రేఖాగణితమును అభ్యసించుట దాని విషయము. గ్రంథకర్త తాండలము సుందరరావు. కిండర్‌గార్టెన్ ఎనిమిదవ కానుకయే తనకీ ఆలోచనను కలిగించినదని ఆయన ఉపోద్ఘాతమున స్పష్టముగా చెప్పెను. ఆ కానుకలో రంగురంగుల చదరపు కాగితములు రెండువందలు, మడచుటకు ఒక సాధనము, పటములు, సూచనలు ఉండెనట. దీనినిబట్టి ఐరోపీయులు పెట్టెలలో నింపి పంపిన కానుక 19వ శతాబ్దాంతమున మన దేశమునకు చేరియుండెననియు, పటములను చూచి మడచుటతో తృప్తిపడని ఒక పాఠకుడు దానికి దొరకెననియు తెలియుచున్నది.

సుందరరావు ఉపోద్ఘాతమునందలి ప్రధానాభిప్రాయము మన విషయమునకు అత్యంత సన్నిహితము. ఇట్టి కానుకలు పిల్లలకు వినోదమును కల్పించుటయేకాక శాస్త్రమును కళను ఆస్వాదించుటకు వారి మనస్సులను సిద్ధపఱచుననియు, పైతరగతులలో ఆ రెంటిని బోధించునప్పుడు ఈ బాలక్రీడలనే పునాదిగా గ్రహింపవచ్చుననియు ఆయన తలంచెను. రేఖాగణితము సర్వశాస్త్రములకు సర్వకళలకు ఆధారమగుటచే ఇది దానియందు మిక్కిలి చెల్లునని ఆయన మతము.

ఆయన చూపిన ఒక ఉదాహరణము ఉపాధ్యాయులెల్లరు చేసిచూడదగినది. ఏ త్రిభుజమైనను సమద్విబాహు త్రిభుజమేయని నిరూపించు ఒక ప్రసిద్ధమైన హేత్వాభాసము కలదు. త్రిభుజపు భూమిని సమద్విఖండనము చేయు లంబమును, శీర్షకోణమును సమద్విఖండనము చేయు రేఖను గీసి, అవి త్రిభుజములోపల కలిసికొన్నట్లు పటమున చూపుదురు. ఆ బిందువునుండి భుజములకు లంబములు దింపి, సర్వసమ త్రిభుజములను చూపి, రెండు భుజములును సమానములని తేల్చుదురు. తర్కమున అడుగడుగును సరియైనదే; తప్పెచటనో బాలునికి దొరకదు. సుందరరావు చెప్పినట్లు అసమభుజములు గల త్రిభుజమును కాగితమున కత్తిరించి, భూమి కొనలను ఒకదానిపై నొకటి వచ్చునట్లు ఒకసారియు, రెండు భుజములును ఒకదానిపై నొకటి వచ్చునట్లు మఱియొకసారియు మడచిచూచినచో, ఆ రెండు మడతలును త్రిభుజములోపల కలియనే కలియవు. తప్పు తర్కమునందు కాక, నల్లబల్లమీద అజాగ్రత్తగా గీసిన బొమ్మయందు ఉన్నదని చేయి చెప్పును. చక్కగా గీయుట, చక్కగా మడచుట ఇచట అలంకారము కాదు, సత్యనిర్ణయమునకు సాధనము. కళాశాస్త్రముల సమన్వయమనగా నిదియే.

గ్రంథము చతురస్రముతో ప్రారంభమై సమబాహు త్రిభుజము, పంచభుజి మున్నగు క్రమబహుభుజులను, శ్రేఢులను దాటి, వృత్తము, పరావలయము, దీర్ఘవృత్తము, అతిపరావలయము వఱకు పోవును. ఖరీదైన ఉపకరణములతో పనిలేదు. కాగితము, చిన్న చాకు ఉన్న చాలును. జర్మను గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ 1895లో ప్రకటించిన గ్రంథమున దీనిని పేర్కొనెను. క్లైన్ గ్రంథమును ఆంగ్లీకరించిన బీమన్, స్మిత్ అను అమెరికా ఆచార్యులు ఆ ప్రస్తావనచే ఆకృష్టులై, 1901లో చికాగోలోని ఓపెన్ కోర్టు సంస్థ ద్వారా సుందరరావు గ్రంథమును పునర్ముద్రింపించిరి. జర్మనీలో పుట్టిన బాలక్రీడ మదరాసులో గణితమై, మరల జర్మను పండితునిద్వారా అమెరికా చేరినది. 1936లో ఇటలీకి చెందిన మార్గెరీటా బెలోక్ ఒక విధమైన మడతతో ఘనసమీకరణములను సాధింపవచ్చునని చూపెను. స్కేలు, వృత్తలేఖినులచే అసాధ్యమైన కోణత్రిఖండనము మడతచే సాధ్యమని దీనివలన తేలినది. పిల్లల ఆటయని త్రోసిపుచ్చబడిన క్రియ, గ్రీకుల కాలమునుండి వచ్చుచున్న సాధనములకంటె ఒక అడుగు ముందున్నది.

బఠానీల ఆటకును మన దేశమున ఇట్టి పునర్జన్మము కలిగినది. 1972 నుండి 2002 వఱకు మధ్యప్రదేశములో నడచిన హోషంగాబాద్ విజ్ఞానబోధన కార్యక్రమమున 1978లో పనిచేసిన అరవింద గుప్తా, సైకిలు వాల్వుట్యూబు ముక్కలను అగ్గిపుల్లలతో కలిపి త్రికోణములను, ఘనములను, గోపురములను కట్టు విధమును కనుగొనెను. చతురస్రమును నొక్కిన వంగును, త్రికోణము వంగదు. ఇది వాస్తుశాస్త్రము, చేతికి అందిన ఆకృతి శిల్పము, వెల కొన్ని పైసలు.

5. ముంగిటి ముగ్గు

ఇంతవఱకు చెప్పినది చదివి, ఇట్టి విద్య మనకు పెట్టెలలో వచ్చిన విద్యయేయని తలచినచో పొరపాటగును. తెలుగువారి శాస్త్రవిద్య చిరకాలము చెవిద్వారా సాగినది. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును పద్యములలోనికి తెచ్చెను. కవితయు గణితమును అచట ఒకటైనవి. కాని అది పండితుల విద్య. చేతివిద్య గ్రంథమునకు ఎక్కక ముంగిటనే నిలిచిపోయినది. అది ముగ్గు.

ధనుర్మాసమున ఆడుపిల్ల తల్లియొద్ద ముగ్గును నేర్చు విధమును గమనింపుడు. మొదట చుక్కలు. ఏడు చుక్కలు పెట్టి, ఇరువైపుల సందుచుక్కలతో ఒక్కొక్కటి తగ్గించుచు ఒకటి వఱకు పోయినచో మొత్తము నలుబదితొమ్మిది చుక్కలగును. ఇది ఏడు యొక్క వర్గము. తగ్గించుటను నాలుగు వద్దనే ఆపినచో ముప్పదియేడు చుక్కలతో షడ్భుజాకృతి ఏర్పడును. 'ఏడు చుక్కలు, సందుచుక్క నాలుగు వఱకు' అను మాట వాడుకలోని ఒక సూత్రము; అంత క్లుప్తముగా షడ్భుజిని నిర్వచించు వాక్యము పాఠ్యపుస్తకములలో కానరాదు.

మెలికల ముగ్గు మఱింత ఆశ్చర్యకరమైనది. చుక్కలను నిలువు అడ్డ వరుసలలో సమదూరమున పెట్టి, గీత ఏ చుక్కను తాకక, పొరుగు చుక్కల నడుమనుండి ఏటవాలుగా సాగుచు, అంచు చేరినప్పుడు వెలుపలి చుక్కను చుట్టి మరల లోనికి రావలెను. రెండు వరుసలలో మూడేసి చుక్కలున్నచో ఒకే గీతతో ముగ్గు పూర్తియగును. మూడు వరుసలలో మూడేసి యున్నచో మూడు వేర్వేఱు గీతలు కావలెను. నాలుగు వరుసలలో ఆఱేసి యున్నచో రెండు. వరుసల సంఖ్యకును, వరుసలోని చుక్కల సంఖ్యకును గల గరిష్ఠ సామాన్య భాజకమెంతయో గీతలన్ని యగును. నడుమ గీతను ఎచటనైనను మళ్లించినచో ఈ లెక్క మాఱును. ఎచట మళ్లించిన మూడు గీతలు ఒక్కటియగునో కనుగొనుటయే ముగ్గువేయు చేతి నేర్పు. గీత తెగక యుండవలెనను సౌందర్యనియమమే ఇచట గణితప్రశ్నయై నిలుచుచున్నది. ఫ్రోబెల్ చెప్పిన మూడు రూపములును ఇందు ఇమిడియున్నవి: సంక్రాంతి రథముగా జీవనరూపము, చుక్కల లెక్కగా జ్ఞానరూపము, మెలికగా సౌందర్యరూపము.

తమిళనాట దీనినే కోలమందురు. మదరాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమనీ, ఆయన సహచరులు కోలముల నిర్మాణమును గణకశాస్త్రములోని చిత్రవ్యాకరణములతో సమన్వయించి 1974లో పరిశోధనమును ప్రకటించిరి. వ్యాకరణము తెలిసినవారికి ఇది వింత కాదు. పరిమితమైన నియమములనుండి అపరిమితమైన రూపములు పుట్టుట భాషయందును ముగ్గునందును సమానమే.

6. ఉపసంహారము

పై చరిత్రనుండి తేలినవి మూడు. ఒకటి: కళాశాస్త్రముల సమన్వయము రెండు పాఠములను జతచేయుటవలన కలుగదు, ఒకే నియమమునకు లోబడి చేయి స్వేచ్ఛగా పనిచేయుటవలన కలుగును. రెండు: రూపమును ముందే ముద్రించి ఇచ్చినప్పుడు ఎంత మంచి కానుకయైనను మొద్దుకొయ్యయగును. విజ్ఞానప్రదర్శనములకు అంగడిలో కొనితెచ్చిన నమూనాలకును ఈ మాట వర్తించును. మూడు: వస్తువు వెల కాదు, అది పుట్టించు ప్రశ్న ముఖ్యము. కాగితము, అగ్గిపుల్ల, పిండి చాలును.

ఇందు తెలుగు శాఖల విధి యొకటి కలదు. ముగ్గు భాష ఒక శాస్త్రపరిభాష. సందుచుక్క, ఎదురుచుక్క, మెలిక మున్నగు పదములను, ప్రాంతభేదములతో, చుక్కల సంఖ్యలతో, వేయు క్రమముతో సేకరింపవలసియున్నది. సురవరము ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'యందు కావ్యములలోని ఆచారములను, ఆటలను చరిత్రకు ఆధారములుగా గ్రహించు మార్గమును చూపెను. కావ్యమునకెక్కని చేతివిద్యకు ఆధారము కావ్యము కాదు, వేయుచున్న చేయి. ముగ్గును అచ్చుబొమ్మలతో దిద్దుట, అంటించు కాగితములతో సరిపుచ్చుట వాడుకయైన యీ దినములలో ఆ చేతులు తగ్గుచున్నవి. పటము మిగులును గాని, ఏ చుక్కనుండి గీత బయలుదేరినదో, ఎచట మళ్లినదో, ఏల మళ్లినదో తెలియకుండ పోవును. ఫ్రోబెల్ కానుకలకు పటములు చేసిన కీడే ముగ్గునకును జరుగకముందు, పరిశోధక విద్యార్థులు ఈ పనికి పూనుకొనుట మేలు. అట్లు సేకరించినది నిఘంటువునందు మాత్రమే నిలువక, ఆడుపిల్లలకును మగపిల్లలకును సమానముగా పాఠశాల ముంగిటికి మరల చేరినప్పుడు ఆ పరిశోధనము సార్థకమగును.